అడగకుండా పెట్టిన టిక్కులు

ఏఎన్ఎం నర్సు ట్రైనింగ్‌లో మాకు సూది ఎక్కడ వేయాలో, మందు ఎంత తీయాలో, ఐస్ డబ్బా ఎట్లా సర్దాలో అన్నీ నేర్పారు. తలుపు సందులోంచి "మా పిల్లగానికి వద్దమ్మా, పో" అని మొహం మీద తలుపేసినవాళ్ళతో ఏం మాట్లాడాలో మాత్రం ఒక్కరూ నేర్పలేదు. అది నేర్చుకోవడానికి నాకు దాదాపు ఉద్యోగమంతా పట్టింది. ఈలోపు నోటి దురుసుతో చెడగొట్టిన పనులు కూడా తక్కువేం కాదు.

నా పేరు విమల. శాలిబండ, దబీర్‌పురా గల్లీల్లో ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు టీకాలు వేసి, పోయిన ఏడాది రిటైరయ్యాను. మొన్న మా సెంటర్లో కొత్తగా చేరిన అమ్మాయిలిద్దరు ఇంటికొచ్చారు. "మేడమ్, ఆటిజం వస్తదని తల్లులు సూది వద్దంటున్నరు. ఎంత చెప్పినా ఇంటలేరు. మీరెట్ల చెప్పేటోళ్ళు?" అని అడిగారు. ఒక కప్పు చాయ్ తాగేలోపు చెప్పే సంగతి కాదది. అందుకే రాస్తున్నాను. నా ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, పీఆర్సీలో జీతం ఎంత పెరిగింది అనే సంగతులు ఇందులో ఉండవు. అవి మా ఆయనకు నోటికొచ్చు, కావాలంటే ఆయన్ను అడగండి.

నా నాలుక మీద రెండు చుక్కలు

చేరిన కొత్తలో దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఒక ముసలామె ఉండేది. ఇంట్లో అయిదేళ్ళలోపు మనవలు ముగ్గురు. పోలియో చుక్కల రోజున నేను పోతే తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ చుక్కలు తాగిన పిల్లలకు పెద్దయ్యాక పిల్లలు పుట్టరని ఎవరో ఆమె చెవిన వేశారు. నేను అరగంట వాదించాను. ఆమె అంతా విని, "పహ్లే తుమ్ పియో, ఫిర్ దేఖ్‌తే" అన్నది. ముందు నువ్వు తాగు, తర్వాత చూద్దామని.

అప్పటికి నాకు పెళ్ళయి ఆరు నెలలు. సీసా ఎత్తి నా నాలుక మీద రెండు చుక్కలు వేసుకున్నాను. ఆమె నా మొహంలోకే చాలాసేపు చూసింది, కూలిపోతానేమోనని కాబోలు. తర్వాత లోపలికి కేకేసి ముగ్గురు మనవలనూ వరసగా నిలబెట్టింది. ఆ మరుసటి ఏడు నా పెద్దబిడ్డను చంకనేసుకుని అదే గల్లీకి పోతే ఆ ముసలామె ఇల్లిల్లూ తిప్పి చూపించింది. ఆ గల్లీలో ఆ తర్వాత చుక్కలు వద్దన్నవాళ్ళు లేరు.

నేను చాలా గొప్ప పని చేశాననుకుని అప్పటి మా డాక్టరుగారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. "విమలా, నిన్ను ఏ కాలమ్‌లో రాయమంటవు? అయిదేండ్ల లోపా, పైనా?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఆమె నమ్మింది నిన్ను. మందును కాదు. రేపు నువ్వొక తప్పు చేస్తే ఆ మందు మీద నమ్మకం కూడా నీతోనే పోతది, చూసుకో" అన్నాడు. కడుపుమంటతో అంటున్నాడనుకున్నాను. నా వయసు అప్పుడు ఇరవై మూడు.

ఖాళీ గడి

తల్లీబిడ్డ కార్డు మీకందరికీ తెలిసిందే. టీకాల పేజీ పక్కన పిల్లల ఎదుగుదల పేజీ ఒకటుంటుంది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా, వేలుతో చూపిస్తాడా, రెండు మూడు మాటలు అంటాడా అని ప్రశ్నలు, ఎదురుగా చిన్న చిన్న గడులు. ఆ పేజీ తల్లిని అడిగి, పిల్లవాణ్ణి చూసి నింపాలి.

నిజం చెప్తాను. బుధవారం టీకాల రోజు. డెబ్బై మంది పిల్లలు, ఒక్క కుర్చీ, కరెంటు లేని గది, బయట తల్లుల లొల్లి. మాకొక సూపర్‌వైజరమ్మ ఉండేది. మంచి మనిషే, ఆకలేసినవాళ్ళకు తన డబ్బా పెట్టేది. కానీ ఖాళీ గడి కనబడితే ఆమెకు నిద్ర పట్టదు. "గడి ఖాళీగ ఉంటే పై నుంచి నన్ను అడుగుతరు. నేను నిన్ను అడుగుత" అనేది. దాంతో మాకందరికీ ఒక అలవాటైంది. సూది వేసిన చేత్తోనే ఆ పేజీ తిప్పి, పై గడి నుంచి కింది గడి దాకా టిక్కులు గీకేయడం. పిల్లవాడు ఏడుస్తున్నాడంటే మాట బాగున్నట్టే, కాళ్ళు తంతున్నాడంటే నడక బాగున్నట్టే. నేను చాలా వేగంగా గీకేదాన్ని. ఆ వేగానికి ఒకసారి మెప్పు కూడా పొందాను.

ఎవరికీ చెడు చేస్తున్నామని మాకు తోచలేదు. కాగితమే కదా అనుకున్నాం.

సుజాత ఇంట్లో ముగ్గురు దోషులు

నేను రిటైరయ్యే ముందు ఏడాది శాలిబండలో ఒక పాల వ్యాపారం ఇంటికి పోవాల్సి వచ్చింది. ఇంటి ముందు రేకుల కొట్టం, తొమ్మిది బర్రెలు. ఇంటి పెద్ద సత్తెమ్మ. ఆమె కొడుకు శ్రీకాంత్ కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో తయారైన సామాను పరీక్షించే పనిలో ఉన్నాడు. కోడలు సుజాత. వాళ్ళకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు అభికి అయిదేళ్ళు, ఆటిజం ఉందని మూడో ఏట తేల్చారు. చిన్నది చిట్టి, పది నెలల పిల్ల. తొమ్మిది నెలలు నిండగానే వేయాల్సిన మీజిల్స్ సూది, అదే తట్టు రాకుండా వేసేది, చిట్టికి వేయించలేదు. వాళ్ళ వెనక గల్లీలోనే తట్టు పోసి ఒక పిల్లవాడు ఊపిరందక ఆసుపత్రిలో ఉన్నాడు. చిట్టికి అంటుకుంటే ఏమవుతుందోనని నా భయం.

మొదటిసారి పోయినప్పుడు నేను చేసింది చెప్తే మీరు నవ్వుతారు. గుమ్మంలోనే నిలబడి, "సూదికీ ఆటిజానికీ సంబంధం లేదమ్మా, గవన్నీ ఫోన్ల వచ్చే మాటలు. చదువుకున్నదానివి, నీకు గింత తెల్వదా?" అన్నాను. సుజాత నా ముందే తలుపు మెల్లగా మూసింది. తలుపు ధడేలున వేసినవాళ్ళను మళ్ళీ పోయి బతిమాలవచ్చు. మెల్లగా మూసినవాళ్ళతోనే కష్టం.

రెండోసారి పోయినప్పుడు నోరు మూసుకుని కొట్టంలో సత్తెమ్మ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆమె పాలు పిండుతోంది. ఊరికే ఉండలేక, "వదినే, బర్రెలకు గాలికుంటు రాకుండ ఆర్నెల్లకోసారి సూదులు ఏపిస్తవు గద. మనుమరాలికి ఏపియ్యవా?" అన్నాను. గట్టి పాయింటు పట్టుకున్నాననుకున్నాను.

సత్తెమ్మ చేతులాపకుండానే, "బర్రెకు మాటలొస్తయా సిస్టరమ్మా, పోయెటందుకు?" అన్నది.

నాకు నవ్వాగలేదు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వులోనే కాస్త దారి దొరికింది. చాయ్ ఇచ్చింది, కూర్చోమన్నది. అప్పుడు నేను జీవితంలో మొదటిసారి ఒక తెలివైన పని చేశాను. చెప్పడం మానేసి, "అభికి ఎందుకట్ల అయిందని నువ్వనుకుంటున్నవు వదినే?" అని అడిగాను.

ఆమె కొట్టం అవతల చూసి, గొంతు తగ్గించింది. "నా వల్లనే. డాక్టరమ్మ ఇంక పది రోజులు ఆగుదామన్నది. నేనే పట్టువట్టిన, బుధవారం పొద్దుగాల మంచి ముహూర్తముంది, ఆపరేషన్ చెయ్యాలె అని. పంతులు తోని రాయించుకొచ్చిన. పిల్లగాడు పండకముందే తెంపిన కాయ లెక్క అయిండు. నా కోడలు ఒక్కనాడు గూడ నన్ను అనలేదు. అందుకే నాకు ఎక్కువ బాధ."

అభి అప్పుడు మా ఎదురుగానే ఉన్నాడు. పాల క్యాన్ల మూతలను పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా పేర్చి, ఆ వరస చివర తనూ కూర్చున్నాడు. సత్తెమ్మకు ఒక మూత కావాలి. వాణ్ణి లేపలేక గిన్నె బోర్లించి పాలు మూసింది. "మా ఇంట్ల మూతలకు రాజు వీడే" అని నవ్వుతూ చెప్పింది.

లోపల సుజాతను కూడా అదే ప్రశ్న అడిగాను. ఈసారి ఆమె మాట్లాడింది. ముందు సూది అన్నది. తర్వాత కొంచెం ఆగి, ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన మత్తుమందు కావచ్చన్నది. ఇంకా ఆగి, గర్భంతో ఉన్నప్పుడు తాను జ్వరానికి వేసుకున్న గోలీ కావచ్చన్నది. "ఏదో ఒకటి నేనే చేసి ఉంట సిస్టర్" అని ఏడ్చింది. ఆ ఇంట్లో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక దోషి ఉన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళకు ఆ దోషి తామే. కోపం వచ్చింది నాకు, వాళ్ళ మీద కాదు, ఇన్నేళ్ళలో ఒక్కరం కూడా ఆ ఇంట్లో కూర్చుని ఈ ప్రశ్న అడగనందుకు.

చేతిరాత నాదే

మూడో దోషిని శ్రీకాంత్ చూపించాడు. నేను మూడోసారి పోయేసరికి ఆదివారం, అతను ఇంట్లోనే ఉన్నాడు. మర్యాదస్తుడు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఒక ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో అభి పాత కార్డు ఉంది.

"సిస్టర్, నేను వాట్సాప్ చూసి మాట్లాడెటోణ్ణి కాదు. నాకు రికార్డు గావాలె. ఇది చూడుండ్రి. ఏడాదిన్నరకు మీజిల్స్ సూది ఏసిన రోజు. తొమ్మిది నెలలది అప్పుడు జరమొచ్చి తప్పింది. పిలిస్తే సూస్తడు, టిక్కు. ఏలు వెట్టి చూపిస్తడు, టిక్కు. మూడు మాటలు, టిక్కు. ఇది ఏడాది తరువాత పెద్దాసుపత్రి డాక్టర్ రాసింది. పిలిస్తే సూస్తలేడు, చూపిస్తలేడు, మాటల్లేవు. ఈ రెండు కాయితాల నడుమ మావోనికి ఏసింది సూది ఒక్కటే. ఇగ మీరే చెప్పుండ్రి."

కార్డు చేతిలోకి తీసుకున్నాను. కింద సంతకం నాది.

ఆ పిల్లవాడూ, ఆ రోజూ నాకు గుర్తు లేవు. కానీ నా టిక్కులు నాకు తెలుసు. అడిగి పెట్టిన టిక్కులు ఒకటి చిన్నగా, ఒకటి పెద్దగా, ఆగి ఆగి ఉంటాయి. ఇవన్నీ ఒకే వాలున, ఒకే ఒత్తిడితో, పై నుంచి కిందికి ఒక్క ఊపున గీకినవి. చివరి గడి దాటి కింది గీత మీదికి కూడా ఒకటి జారింది. ఆ పేజీ నేను అడగకుండా నింపాను.

ఇక్కడ నేను పులిలా ధైర్యం చేశానని రాసుకోవచ్చు. చేయలేదు. మంచినీళ్ళు మొత్తం తాగాను, గ్లాసు కింద పెట్టాను, మళ్ళీ ఎత్తాను, అందులో నీళ్ళు లేవు. రిటైర్మెంటు దగ్గర పడింది. ఒప్పుకుంటే పింఛను కాగితాల దగ్గర ఏమైనా అడ్డం పడుతుందేమోనని కూడా ఒక్క క్షణం అనిపించింది. లోపలి గదిలో చిట్టి ఎవరితోనో ఆడుకుంటూ కిలకిలా నవ్వుతోంది.

"శ్రీకాంత్, ఈ టిక్కులు అబద్ధం" అన్నాను. "నేనే పెట్టిన. నీ భార్యను అడగలే, మీ పిల్లగాన్ని చూడలే. ఖాళీ ఉండొద్దని గీకేసిన. ఆ రోజు అభి పిలిస్తే చూసేటోడా లేదా నాకు తెల్వదు. ఈ కాయితం నమ్మకు."

అతను కార్డు తిరిగి తీసుకుని ఒక్కో టిక్కు మీదా వేలు జరిపాడు. "మా ఫ్యాక్టరీల చూడకుండ టిక్కు పెడితే ఉద్యోగం పోతది సిస్టర్" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సుళువయ్యేది.

గుమ్మంలో సుజాత నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. "నాకు అప్పుడే అనుమానముండె" అన్నది. "ఆ రోజు లైన్ల నిలవడి మీకు చెప్పిన సిస్టర్, పిలిస్తే సూస్తలేడని. మగపిల్లలు లేటుగ అన్నీ చేస్తరు, ఫికర్ చెయ్యకు అన్నరు మీరు. కార్డు మీద టిక్కు చూసి, నా కండ్లదే తప్పు అనుకున్న."

లోపలికి పోయి ఫోను తెచ్చింది. అభి మొదటి పుట్టినరోజు వీడియో. ఏడాదిన్నర సూదికి ఆరు నెలల ముందుది. కేకు ముందు అభి కూర్చున్నాడు. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతూ "అభీ, అభీ, ఇటు సూడు" అని పిలుస్తున్నారు. అందరికన్నా గట్టిగా సత్తెమ్మ గొంతు వినిపిస్తోంది. అభి ఒక బెలూనుకు కట్టిన దారాన్ని చూస్తున్నాడు. వీడియో మొత్తం దారాన్నే చూశాడు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

శ్రీకాంత్ దాన్ని మూడుసార్లు చూశాడు. తర్వాత ఫోను బోర్లించి, "సూదికి ముందే" అని మాత్రం అన్నాడు.

అప్పుడు నేను చెప్పినవి

ఈ భాగం మీకోసం. మీరు రేపు ఎక్కడైనా చెప్పాల్సి వస్తుంది కనుక.

సూది వల్ల ఆటిజం రాదని చెప్పాను. ఎన్నో దేశాల్లో లక్షల మంది పిల్లల్లో సూది వేసినవాళ్ళనూ వేయనివాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసి తేల్చిన సంగతి అది. చాలావరకు పుట్టకముందే మొదలయ్యేదని, వంశంలో, రక్తంలో వచ్చే భాగం పెద్దదని చెప్పాను. గుర్తులు బయటపడే వయసూ ఈ సూదుల వయసూ ఒకటే కావడంతో రెండూ ముడిపడినట్టు కనబడుతుందని చెప్పాను. ఒక్క అభికే ప్రత్యేకంగా ఎందుకు వచ్చిందంటే నాకు తెలియదని, ఏ పెద్ద డాక్టరూ వేలు పెట్టి చూపలేడని కూడా చెప్పాను. తెలియదన్న మాట నోట్లోంచి రావడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. వచ్చాక చూస్తే దానివల్లే మిగతావి నమ్మారు.

సత్తెమ్మకు విడిగా చెప్పాను. "ముహూర్తానికి కడుపు కోయించుడు తప్పే వదినే. నెలలు నిండకముందు తీస్తే బిడ్డకు ఊపిరి కష్టమైతది, తల్లికీ మంచిది గాదు. దానికి నిన్ను తిట్టమంటే మస్తు తిడత. కానీ గా ఆపరేషనే ఆటిజం తెచ్చిందని ఎవ్వరూ రుజువు చెయ్యలే. గా మూట నువ్వు దించుకో." ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, చిట్టి కాన్పుకు ముహూర్తం అడగలేదు తెలుసా అని గర్వంగా చెప్పింది. అప్పుడు పంతులు అలిగి ఇంటికి రావడం మానేశాడట.

మర్నాడు మా సెంటర్ డాక్టరమ్మ దగ్గరికి పోయి అంతా నేనే చెప్పాను. మెమో వస్తుందనుకున్నాను. ఆమె రిజిస్టరు ముందుకు లాక్కుని, "ఇంకెన్ని కార్డులు ఇట్లా ఉంటయి విమలా?" అన్నది. దానికన్నా మెమోనే నయం. ఆ తర్వాత రెండు నెలలు మేము పాత కార్డులు ముందేసుకుని ఇళ్ళకు పోయి మళ్ళీ అడిగాం. నలుగురు పిల్లలను పెద్దాసుపత్రికి పంపాం. ముందుగా పంపితే ఆ పిల్లలకు మాట, ఆట నేర్పడం ముందుగా మొదలవుతుంది. అభికి మేము ఏడాది పోగొట్టాం. సుజాత ఆ మాట నాతో ఒక్కసారే అన్నది. నేను చేతులు కట్టుకుని విన్నాను. క్షమించమని అడిగాను. ఆమె క్షమించానని చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

ఇంకొకటి. "ఏం కాదు" అని ఎప్పుడూ అనకండి. జ్వరం వస్తది, చెయ్యి నొస్తది, రెండు రోజులు చిరాకు పడతది, గట్టి జ్వరమైతే నాకు ఫోన్ చెయ్యి అనండి. చెప్పిన జ్వరం వస్తే తల్లి మిమ్మల్ని నమ్ముతుంది. చెప్పని జ్వరం వస్తే గల్లీ అంతా మీ గురించే మాట్లాడుతుంది.

బుధవారం

వీడియో చూసిన తర్వాతి బుధవారం సుజాత వస్తుందని ఎదురు చూశాను. పన్నెండు దాటింది, రాలేదు. వెనక గల్లీ పిల్లవాడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు గానీ, అదే గల్లీలో ఇంకో ఇద్దరికి తట్టు పోసింది. ఒంటిగంట అయింది. ఐస్ డబ్బా మూసేస్తుంటే ఆటో ఆగింది. సత్తెమ్మ, అభి, చిట్టిని ఎత్తుకుని సుజాత దిగారు. అభి లోపలికి రాగానే చెవులు మూసుకుని, బల్ల మీది దూది డబ్బాల మూతలు తీసి వరస పెట్టడం మొదలుపెట్టాడు. మా అటెండరు అడ్డం పోబోతే సత్తెమ్మ అతన్నే పక్కకు జరిపింది.

సుజాత కుర్చీలో కూర్చుంది కానీ చిట్టి చేతిని తన కొంగు కింద గట్టిగా దాచింది. "ఇప్పుడు గూడ సూదికి భయమా బిడ్డా?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపింది. "సూదికి కాదు సిస్టర్. ఈడికొస్తే మీరు కార్డు తీస్తరు. పిలిచి చూస్తరు. ఇది గూడ తిరగకపోతే? అందుకే ఇంట్ల నేను దీన్ని పేరు వెట్టి పిలుస్తలేను. నెల అయితుంది. బంగారం అంట, తల్లీ అంట, ఎదురుంగ పోయి మాట్లాడుత. ఎనుక నుంచి పిలవనీకి ధైర్యం లేదు."

నెల రోజులుగా ఆ తల్లి సూదిని కాదు, ఈ కుర్చీని తప్పించుకుంటోంది. నేనేమో ఆమెకు లెక్కలూ దేశాలూ చెప్తున్నాను.

"వింటున్నవా" అన్నాను. "తిరిగినా సూది ఏస్త, తిరగకపోయినా ఏస్త. దానికీ దీనికీ సంబంధం లేదు. తిరగకపోతే రేపే నేను నీతోటి పెద్దాసుపత్రికొస్త. గిన్ని దినాలు ఎవరూ పోగొట్టరు ఈసారి. కానీ సూది కన్నా ముందే చూద్దాం, నీ కండ్ల ముందట."

చిట్టిని సత్తెమ్మ ఒళ్ళో కూర్చోబెట్టాం. చేతికి ఒక దూది ఉండ ఇచ్చాం. నేను వెనక్కి పోయి నిలబడ్డాను. సుజాత కళ్ళు మూసుకుంది. "చిట్టీ" అని పిలిచాను. పిల్ల దూది లాగుతోంది. తిరగలేదు. సత్తెమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకుంటోందో. నా గొంతు కొత్త కదా అని, "నువ్వు పిలువు" అని సుజాతతో అన్నాను.

ఆమె లేచి వచ్చి నా పక్కన నిలబడింది. కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి. "చిట్టీ" అన్నది, నాకే సరిగ్గా వినబడనంత మెల్లగా.

పిల్ల దూది వదిలేసి, నానమ్మ భుజం మీదుగా మెడ పూర్తిగా తిప్పి, తల్లిని చూసి రెండు చేతులూ చాచింది.

"కండ్లు తెరువు" అన్నాను.

తెరిచింది. చూసింది. చాలాసేపు చూసింది. సత్తెమ్మ ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను, మా అటెండరు మా ముగ్గురినీ చూసి ఏం జరిగిందోనని డాక్టరమ్మను పిలవడానికి పరుగెత్తాడు. నేను కార్డు తీసి, ఆ గడి మీద వేలు పెట్టి, పెన్ను సుజాతకిచ్చాను. ఆమె ఒక్క టిక్కు పెట్టింది, నిదానంగా. తర్వాతి గడిలోని ప్రశ్న చదివి, "ఇది ఇంటికి పోయి చూసి చెప్త సిస్టర్" అని దాన్ని ఖాళీగా వదిలేసింది.

అప్పుడు చిట్టిని ఒళ్ళోకి తీసుకుని, గౌను చెయ్యి పైకి మడిచి, "ఇగ ఏయుండ్రి" అన్నది.